పగలు బాగుండి రాత్రి వణికించిన ఏసీ: ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ మీద ఒక కేస్ స్టడీ

జాబ్ కార్డు మీద ఫిర్యాదు ఇలా ఉంది: ఏసీని ఆటో మోడ్‌లో 25 డిగ్రీలకి పెట్టినా రాత్రి పూట కారు లోపల విపరీతమైన చలి, పగలు ఏ సమస్యా లేదు. కారు పెట్రోల్ సెడాన్. రెండు వైపులకూ ఒకే టెంపరేచర్ సెట్టింగ్ ఉండే మామూలు ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్. మా వర్క్‌షాప్‌కి వచ్చేసరికే మరోచోట ఏసీ గ్యాస్ పూర్తిగా తీసి కొత్తగా నింపారు, వేడి గాలి, చల్ల గాలి కలిపే ఫ్లాప్ మోటారు కూడా మార్చారు. ఫలితం లేదు. బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెడితే, లోపం ఉందని చెప్పే ఫాల్ట్ కోడ్ ఒక్కటి కూడా లేదు.

ఇలాంటి కేసులో గేజ్‌లు తగిలించే ముందు ఓనర్‌ని కూర్చోబెట్టి మాట్లాడటం నాకు అలవాటు. ఆయన చెప్పిన మాటల్లోనే సగం దారి దొరికింది.

"బండి ఎక్కిన మొదటి పది నిమిషాలు హాయిగానే ఉంటుందండీ. ఆ తర్వాత చల్లబడుతూనే పోతుంది, ఎక్కడా ఆగదు. వెనక సీట్లో మా అమ్మ శాలువా కప్పుకుని కూర్చుంటోంది."

"టెంపరేచర్ పెంచి చూశారా?"

"28 పెడితే కాసేపు పర్వాలేదు. మళ్లీ మామూలే."

"ఫ్యాన్ చేత్తో తగ్గిస్తే?"

"అప్పుడు చలి కొంచెం తగ్గుతుందండీ. కానీ ప్రతిసారీ నేనే తగ్గించుకోవాలంటే ఇంక ఆటో ఎందుకు?"

ఆయన కోపం న్యాయమైనదే. ఈ మాటల్లో నేను గుర్తుపెట్టుకున్నది ఒకటే: 'ఎక్కడా ఆగదు' అన్న మాట. కూలింగ్ సరిపోకపోవడం ఒక రకం సమస్య. కూలింగ్ ఎప్పుడు చాలో తెలియకపోవడం పూర్తిగా వేరే రకం. మొదటిదానికి గ్యాస్, కంప్రెసర్, కండెన్సర్ చూడాలి. రెండోది ఏసీ సమస్య కాదు, ఏసీని నడిపించే లెక్కలో సమస్య. ఆ లెక్క తెలియకుండా ఈ బండి మీద చెయ్యి వేస్తే ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోవడమే అవుతుంది. అందుకే ముందు లెక్క సంగతి చెబుతాను.

లోపల జరిగే లెక్క

మాన్యువల్ ఏసీలో లెక్క చేసేది మనిషి. చలేస్తే నాబ్ తిప్పుతాడు, ఉక్కపోస్తే ఫ్యాన్ పెంచుతాడు. డ్రైవర్ అంకె చెబితే చాలు, వేడి కావాలో చల్లదనం కావాలో బండే చూసుకునే పద్ధతి 1964 మోడల్ కాడిలాక్ కార్లలో 'కంఫర్ట్ కంట్రోల్' పేరుతో వచ్చింది. తర్వాత ఎలక్ట్రానిక్స్ మారిపోయాయి గానీ ఆలోచన అదే.

చాలామంది అనుకునేదేంటంటే, 25 పెడితే లోపల 25 రాగానే ఇంటి ఏసీలాగా కంప్రెసర్ ఆగిపోతుందని. కారులో సాధారణంగా అలా జరగదు. బ్లోయర్, అంటే లోపలి ఫ్యాన్, తోసే గాలి మొత్తం ముందు కూలింగ్ కాయిల్ గుండా పోతుంది. అక్కడ బాగా చల్లబడుతుంది, అందులోని తేమ కూడా నీళ్లై కిందికి కారిపోతుంది. కాయిల్ మీద మంచు గడ్డ కట్టకుండా ఒక సెన్సార్ కాపలా కాస్తుంది. టెంపరేచర్ సున్నాకి దగ్గర పడగానే కంప్రెసర్‌ని ఆపుతుంది, పని పెంచుకుంటూ తగ్గించుకుంటూ నడిచే వేరియబుల్ రకమైతే దాని పని తగ్గిస్తుంది. అలా చల్లబడ్డ గాలిలో కొంత భాగాన్ని హీటర్ కాయిల్ మీదుగా పంపి, మిగతాదానితో కలిపి మన ముఖం మీదికి వదులుతారు. ఎంత భాగం వేడి దారిలో పోవాలో తేల్చేది ఎయిర్ మిక్స్ ఫ్లాప్. 25 డిగ్రీల హాయి అంటే చాలావరకు ఈ ఫ్లాప్ ఎంత తెరుచుకుందన్నదే. చలికాలంలో ఏసీ వేస్తే అద్దం మీద ఆవిరి పోవడం కూడా ఇందువల్లే: గాలి ముందు ఆరుతుంది, తర్వాత వేడెక్కుతుంది.

ఫ్లాప్ ఎంత తెరవాలో కంట్రోలర్‌కి, అంటే ఏసీని నడిపే కంప్యూటర్‌కి, ఎలా తెలుస్తుంది? గాలి మన మీదికి వచ్చే వెంట్ దగ్గర ఎన్ని డిగ్రీల గాలి రావాలో అది ఎప్పటికప్పుడు లెక్క కడుతూ ఉంటుంది. దీన్ని టార్గెట్ అవుట్‌లెట్ టెంపరేచర్ అంటారు. ఆ లెక్కలోకి నాలుగు అంకెలు వస్తాయి: మనం పెట్టిన సెట్టింగ్, కారు లోపలి టెంపరేచర్, బయటి టెంపరేచర్, ఎండ తీవ్రత. ఒక్కోదానికి ఒక్కో బరువు ఉంటుంది. ఆ బరువులు మోడల్‌ని బట్టి మారతాయి. అర్థం కావడానికి సెట్టింగ్‌కి 7, లోపలి టెంపరేచర్‌కి 3, బయటిదానికి 1 అనుకుందాం. సెట్టింగ్‌ని 7తో గుణించి, అందులోంచి మిగతావి తీసేసి, చివర 57 అనే స్థిరమైన అంకెని కూడా తీసేయాలి.

రాత్రి, ఎండ లేదు. సెట్టింగ్ 25, లోపల 25, బయట 27. 175లోంచి 75, 27, 57 తీసేస్తే 16. అంటే వెంట్‌లోంచి 16 డిగ్రీల గాలి వస్తే లోపల 25 నిలబడుతుందని కంట్రోలర్ నమ్మకం. ఫ్లాప్ కొంచెం వేడి దారి తెరుస్తుంది, బ్లోయర్ నెమ్మదిగా తిరుగుతుంది.

బ్లోయర్ స్పీడ్ కూడా ఈ అంకెనుంచే వస్తుంది. టార్గెట్ మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా బ్లోయర్ జోరుగా తిరుగుతుంది, మధ్యలో ఉంటే మెల్లగా. ఎండలో నిలిపిన బండి ఎక్కగానే ఫ్యాన్ హోరెత్తి, క్రమంగా తగ్గుతూ రావడం అందుకే.

ఇక్కడ ఒక సందేహం చాలామంది అడుగుతారు: తొందరగా చల్లబడాలంటే 18 పెట్టాలా? అక్కర్లేదు. లోపల 50 డిగ్రీలున్నప్పుడు 25 పెట్టినా టార్గెట్ సున్నాకి చాలా కిందికి పోతుంది. ఫ్లాప్ ఎలాగూ పూర్తిగా చల్లటి వైపే ఉంటుంది, బ్లోయర్ ఎలాగూ గరిష్ఠంలోనే ఉంటుంది. 18 పెట్టడం వల్ల కూలింగ్ వేగం పెరగదు, ఆగవలసిన చోట ఆగకపోవడం మాత్రం జరుగుతుంది.

సరే, ఇప్పుడు ఒక్క అంకె తప్పు చేసి చూద్దాం. లోపల నిజంగా 25 ఉన్నా సెన్సార్ 32 అని చెప్పిందనుకోండి. 175లోంచి 96, 27, 57 పోతే మైనస్ 5. ఏడు డిగ్రీల తప్పు వెంట్ దగ్గర 21 డిగ్రీల తేడా అయింది. మైనస్ 5 గాలి ఏ కారు ఏసీ ఇవ్వలేదు. కాబట్టి కంట్రోలర్ తన చేతిలో ఉన్నదంతా చేస్తుంది: ఫ్లాప్‌ని పూర్తిగా చల్లటి వైపు తిప్పి, బ్లోయర్ పెంచుతుంది. వెనక సీట్లో పెద్దావిడ శాలువా కప్పుకుంటుంది.

లోపలి టెంపరేచర్‌కి అంత బరువు ఎందుకంటే, మిగతా మూడూ అంచనాకి పనికొచ్చేవి, ఇదొక్కటే ఫలితం చెప్పేది. చేసిన పని సరిపోయిందా లేదా అని కంట్రోలర్ తెలుసుకునేది దీని ద్వారానే. అది తెగిపోతే వ్యవస్థకి ఆగడం తెలియదు.

వెతుకులాట

ముందు పగలు చూశాను. వెంట్ దగ్గర 7 డిగ్రీలు. గేజ్ మీద తక్కువ వైపు, ఎక్కువ వైపు ప్రెషర్లు రెండూ సరిగ్గా ఉన్నాయి. కంప్రెసర్ శబ్దంలో తేడా లేదు. చల్లబరిచే యంత్రం ఆరోగ్యంగా ఉంది. గ్యాస్ మార్చినవాళ్లు బాగానే మార్చారు, కానీ జబ్బు అక్కడ లేదు. పగటి పరీక్ష ఆపేసి, సాయంత్రం పొద్దు గుంకాక మళ్లీ తీసుకురమ్మన్నాను. సమస్య రాత్రి పూటదైతే పరీక్ష కూడా రాత్రే చేయాలి.

ఆ రాత్రి 25లో పెట్టి బండిని చాలాసేపు నడిపి, స్కానర్‌లో లైవ్ డేటా, అంటే సెన్సార్లు ఆ క్షణంలో చెబుతున్న విలువలు, చూశాను. బయటి టెంపరేచర్ 27, నిజమే. కూలింగ్ కాయిల్ 4. ఇంజన్ కూలెంట్ 90, అంటే హీటర్ కాయిల్‌కి వేడి అందుబాటులో ఉంది. ఎండ విలువ సున్నా. ఫ్లాప్‌కి ఇచ్చిన ఆదేశం: వేడి వైపు 0 శాతం. ఫ్లాప్ ఉన్న స్థానం: 0 శాతం. లోపలి టెంపరేచర్: 32.

ముందు సీట్ల మధ్య, తల ఎత్తులో నేను పట్టుకున్న థర్మామీటర్‌లో 21.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూసినప్పుడు కేసు దాదాపు తేలిపోయినట్టే. అయినా తొందరపడలేదు, ఎందుకంటే 32 అనే మాట ఎక్కడ పుడుతోందో ఇంకా తెలియదు. సెన్సార్ పాడైందా, వైరింగ్‌లో లోపమా, కంట్రోలర్ తప్పు చదువుతోందా?

ఆదేశం, స్థానం అనే రెండు అంకెల గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఫ్లాప్ ఎప్పుడూ చల్లటి వైపే ఉంటోందని చూసి మోటారు మార్చడం సహజంగా వచ్చే ఆలోచన. కానీ ఆదేశమే 0 అయినప్పుడు, స్థానం 0 ఉండటం మోటారు విధేయతే తప్ప దోషం కాదు. ఆదేశం 40 ఉండి స్థానం 0 ఉంటే మోటారో, ఫ్లాపో, గేరో చూడాలి. ఆదేశమే తప్పుగా ఉంటే వెనక్కి తిరిగి, ఆ ఆదేశానికి ఆధారమైన సెన్సార్లని చూడాలి. ఈ ఒక్క తేడా గమనించి ఉంటే ఆ ఓనర్‌కి మోటారు ఖర్చు మిగిలేది.

ఫాల్ట్ కోడ్ ఎందుకు రాలేదన్నది కూడా ఇదే రకం ప్రశ్న. లోపలి సెన్సార్ ఒక థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. వైరు తెగితే కంట్రోలర్‌కి అది ధ్రువప్రాంతపు చలిలా కనిపిస్తుంది, షార్ట్ అయితే కొలిమిలా కనిపిస్తుంది. ఆ రెండు సందర్భాల్లో కోడ్ వస్తుంది. మధ్యలో ఏ విలువ వచ్చినా కంట్రోలర్ దాన్ని నిజమనే తీసుకుంటుంది. కారు లోపల 32 ఉండటం రోజూ జరిగేదే కదా, దాన్ని అనుమానించడానికి దానికి కారణం లేదు. 'కోడ్ లేదు కాబట్టి సెన్సార్లు బాగున్నాయి' అనే మాట నేను మా కుర్రాళ్ల నోట వస్తే ఒప్పుకోను. కోడ్ లేదంటే వైరు తెగలేదని, షార్ట్ కాలేదని మాత్రమే అర్థం.

సెన్సార్ కప్లర్ (వైరు కనెక్టర్) పీకి, దాని స్థానంలో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాను. ఈ బండి సెన్సార్ 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు చూపించే రకం (అన్ని కార్లలో ఇలా ఉండదు, మాన్యువల్ చూసుకోవాలి). స్కానర్‌లో ఠక్కున 25 కనిపించింది. వైరింగ్, కంట్రోలర్ రెండూ నిర్దోషులు. సెన్సార్‌ని మల్టీమీటర్‌తో కొలిస్తే సుమారు 7.4 కిలో ఓమ్‌లు, అంటే లెక్క ప్రకారం 32 డిగ్రీలే. సెన్సార్ కూడా నిజమే చెబుతోంది. తానున్న చోటు వేడి ఎంతో అంతే చెబుతోంది.

మరి తానున్న చోటు కారు లోపలి గాలితో ఎందుకు కలవడం లేదు?

డ్యాష్‌బోర్డ్ మీద, స్టీరింగ్‌కి దగ్గరలో చిన్న చిన్న గీతలతో ఒక జాలీ ఉంటుంది. అది స్పీకరో, మైకో అనుకుని చాలామంది పట్టించుకోరు. దాని వెనకే ఈ థర్మిస్టర్ ఉంటుంది. కదలని గాలిలో దాన్ని వదిలేస్తే డ్యాష్ వెనక ఉండే వేడినే కొలుస్తుంది. అందుకని లోపలి గాలిని దాని మీదుగా నిరంతరం లాగే ఏర్పాటు చేస్తారు. కొన్ని కార్లలో ఇందుకోసం చిన్న ఫ్యాన్ ఉంటుంది. ఈ కారులో ఉన్నట్టు చాలావాటిలో ఒక సన్నటి గొట్టం బ్లోయర్ డబ్బా వరకు వెళుతుంది. డబ్బాలో వేగంగా పోయే గాలి ఆ గొట్టం చివర పీడనం తగ్గిస్తుంది, దాంతో గొట్టం రెండో చివర, అంటే జాలీ దగ్గర, క్యాబిన్ గాలి లోపలికి పీల్చుకుంటుంది. దీనికి ఆస్పిరేటర్ అని పేరు.

దీన్ని పరీక్షించడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. టిష్యూ పేపర్‌లోంచి ఒక పొర చింపి, బ్లోయర్ నడుస్తుండగా జాలీ ముందు పెట్టాలి. పీల్చుడు ఉంటే కాగితం అంటుకుని నిలబడుతుంది. ఈ బండిలో కాగితం రాలిపోయింది. బ్లోయర్ పూర్తిగా పెంచినా రాలిపోయింది.

డ్యాష్ ప్యానెల్ విప్పితే గొట్టం బ్లోయర్ డబ్బా మూతి దగ్గర ఊడి వేలాడుతోంది. దానికి ఆనుకునే, తర్వాత పెట్టించిన పెద్ద టచ్ స్క్రీన్ వెనక భాగం ఉంది. ఓనర్‌ని అడిగితే కొన్నాళ్ల కిందట బయట ఒకచోట స్క్రీన్, రివర్స్ కెమెరా పెట్టించానని చెప్పారు. పాత స్టీరియో కంటే అది లోతుగా ఉంది. లోపలికి నెట్టినప్పుడు గొట్టాన్ని తోసేసింది. పైగా నడుస్తున్నంతసేపూ ఆ స్క్రీన్ వేడెక్కుతుంది. ఆ వేడి సరిగ్గా థర్మిస్టర్ వెనకే పోగవుతోంది.

ఇప్పుడు ఓనర్ చెప్పిన ప్రతి మాటకీ సమాధానం దొరికింది. మొదటి పది నిమిషాలు హాయిగా ఉండటానికి కారణం, బండి ఎక్కేటప్పటికి లోపల నిజంగానే 32 ఉండటం. లెక్క అప్పటికి సరైనదే. క్యాబిన్ చల్లబడుతున్నా సెన్సార్ దిగదు కాబట్టి ఆ తర్వాత ఆగలేదు. 28 పెడితే మైనస్ 5 కాస్తా 16 అవుతుంది, కాసేపు పర్వాలేదు. స్క్రీన్ వేడితో డ్యాష్ వెనక 34కి చేరగానే ఆ 16 మళ్లీ 10కి పడిపోతుంది. పగలు ఇబ్బంది లేకపోవడానికి కారణం ఇంకా ఆసక్తికరమైనది. బయట 38, పైన మండుటెండ ఉన్నప్పుడు సరైన సమాధానం కూడా 'పూర్తి కూలింగ్, ఎక్కువ ఫ్యాన్' అనే. తప్పు లెక్క, ఒప్పు లెక్క పగలు ఒకే చోటికి చేరుతున్నాయి. పగలు మాత్రమే పరీక్షించే ఏ వర్క్‌షాప్‌కీ ఇది దొరకదు.

రిపేరు, ఆ తర్వాత

రిపేరు చిన్నదే. గొట్టం పగల్లేదు, నలగలేదు. స్క్రీన్ బ్రాకెట్‌ని కొద్దిగా జరిపి, గొట్టాన్ని పక్కనుంచి మళ్లించి, మూతికి ఎక్కించి క్లిప్ వేశాం. టిష్యూ జాలీకి అంటుకుంది. కొద్ది నిమిషాల్లోనే లైవ్ డేటాలో 32 దిగుతూ వచ్చి నా థర్మామీటర్‌కి ఒక డిగ్రీ తేడాలోకి చేరింది. ఫ్లాప్ ఆదేశం సున్నా నుంచి కదిలింది. బ్యాటరీ తీసి పెట్టాం కాబట్టి ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫ్లాప్ మోటార్లు అన్నీ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి తిరిగి తమ స్థానాలు నేర్చుకునే వరకు ఏ బటనూ నొక్కకుండా ఆగాం. చాలా కార్లలో ఇది అవసరం. మధ్యలో నొక్కితే స్థానాలు తప్పుగా గుర్తుపెట్టుకునే ప్రమాదం ఉంది. ఆ రాత్రే మళ్లీ నడిపి చూస్తే 25 దగ్గర నిలబడింది.

ఇక్కడితో ఇచ్చేయవచ్చు. కానీ ఇన్నాళ్లూ పగలంతా పూర్తి కూలింగ్‌లో నడిచిన బండి, ఇప్పుడు అసలు లెక్కతో ఎండలో ఎలా ఉంటుందో చూడకుండా ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది. మర్నాడు మధ్యాహ్నం నడిపాం. ముఖానికి, చేతులకి సెగ తగులుతోంది. ఫ్యాన్ మెల్లగా తిరుగుతోంది, లోపల మాత్రం ఉక్కగా ఉంది. లైవ్ డేటాలో ఎండ విలువ దాదాపు సున్నా. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు!

ఎండ సెన్సార్ డ్యాష్‌బోర్డ్ పైభాగంలో, ముందు అద్దానికి దగ్గరగా చిన్న నల్లటి బుడిపెలా ఉంటుంది. గాలి టెంపరేచర్ ఎంత ఉన్నా, నేరుగా తగిలే ఎండ వల్ల మనిషికి వేడి ఎక్కువగా అనిపిస్తుంది. ఆ భాగాన్ని లెక్కలోకి తేవడానికే ఇది. ఈ కారులో డ్యాష్‌బోర్డ్ నిండా ఒక వెల్వెట్ మ్యాట్ పరిచి ఉంది. సెన్సార్ దాని కింద చీకట్లో ఉంది. ఇది కూడా కోడ్ ఇవ్వని లోపమే, రాత్రికీ దీనికీ తేడా కంట్రోలర్‌కి తెలియదు. ఇన్నాళ్లూ దీని ప్రభావం బయటపడలేదు, ఎందుకంటే మొదటి లోపం కూలింగ్‌ని ఎక్కువ చేస్తోంది, ఇది తక్కువ చేస్తోంది. మొదటిదాన్ని సరిచేయగానే రెండోది పైకి తేలింది. గొట్టం ఒక్కటే బిగించి పంపేసి ఉంటే 'రాత్రి బాగైంది గానీ పగలు పాడైంది' అంటూ బండి వెనక్కి వచ్చేది, న్యాయంగానే.

సెన్సార్ ఉన్నచోట మ్యాట్‌కి గుండ్రంగా రంధ్రం చేశాం. విలువ వెంటనే పైకి లేచింది, బ్లోయర్ పుంజుకుంది. ఈ సెన్సార్‌ని షెడ్‌లో ఎల్ఈడీ లైట్ల కింద పరీక్షించి పాడైందని తేల్చకూడదు. ఆ వెలుగులో దానికి కావలసిన ఇన్‌ఫ్రారెడ్ ఉండదు. కొన్ని మోడళ్లలో అయితే నీడలో ఉన్నందుకే ఎండ సెన్సార్ కోడ్ కూడా కనిపిస్తుంది. బండిని ఎండలోకి తీయాలి, లేదా పాతకాలపు ఫిలమెంట్ బల్బు దగ్గరగా పెట్టి చూడాలి.

బండి ఇచ్చేటప్పుడు ఓనర్‌కి రెండు సంగతులు చెప్పాను. జాలీ మీద స్టిక్కర్లు, ఫోన్ హోల్డర్లు పెట్టవద్దని, మ్యాట్ జరిగితే రంధ్రం సెన్సార్ మీదికి మళ్లీ సరిచేసుకోమని. కొత్త ఫ్లాప్ మోటారు బాగానే పనిచేస్తోంది, దాన్ని ఉండనిచ్చాం. జాబ్ కార్డులో చివరి గడిలో ఇది రాసి పెట్టాం: స్క్రీన్ మళ్లీ ఎవరు విప్పినా, బిగించాక టిష్యూ పరీక్ష చేయాలి.